అర మిల్లీమీటరు లెక్క
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము తలుపు తెరచిననాటి ఛాయాచిత్రము ఆ గోడమీద వ్రేలాడుచున్నది. అందు వెనుకనున్న వేపచెట్టు ఆకులు లెక్కింపదగినంత స్పష్టముగా నున్నవి. ముందు కూర్చున్న పెద్దల ముఖములు మాత్రము మంచు కప్పినట్లున్నవి. వారిలో ముగ్గురు నేడు మన మధ్య లేరు. వారి మనుమలు వచ్చి "మా తాత యెవరు?" అని యడిగినచో వ్రేలితో చోటు చూపగలము గాని ముఖము చూపలేము. ఆ చిత్రము తీసినవాడను నేనే.

అది విద్యుత్పరికరమేదియు లేని కెమెరా. దాని కటకపు నాభ్యంతరము 50 మిల్లీమీటర్లు. దూరపు కొండను చూచునపుడు కటకము ఫిల్మునకు 50 మిల్లీమీటర్ల యెడమున నుండవలెను. వస్తువు దగ్గరకు వచ్చిన కొలది కటకము ముందుకు జరుగవలెను. 10 మీటర్ల వస్తువునకు పావు మిల్లీమీటరు, 3 మీటర్లకు 0.85, ఒక మీటరుకు 2.63 జరుగవలెను.

ఇంతటి సూక్ష్మచలనమును చేయి యెట్లు సాధించును? మరచుట్ల మూలమున. గొట్టములో గొట్టము మరలతో నమరియుండును. ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరే జరిగినచో, మీటరు దూరమునకు రెండున్నర చుట్లు దాటి త్రిప్పవలెను. కావున ప్రక్కప్రక్కనే పెక్కు మరదారులు చెక్కి, చుట్టుకు 10 మిల్లీమీటర్లు జరుగునట్లు చేసినచో పావుచుట్టుకు కొంచెము పైన త్రిప్పిన చాలును. కటకము తాను తిరుగక ముందుకు మాత్రమే సాగుటకు నిలువుగాడిలో నొక మేకు నిలుపుదురు. వదులును బిగువును లేక మెత్తగా కదలుటకు చిక్కని గ్రీజు పూయుదురు.

ఇట్టిదానిని కూర్చువాడు మొదట ఫిల్ము స్థానమున గరుకుగాజు పలక నుంచి, దూరపు కొండ స్పష్టమగు చోట అడ్డు నిలుపవలెను. పిదప దూరములు కొలిచి వలయముపై గీతలు గీయవలెను.

దూరమును కంటితోనే తెలియు ఉపాయము కూడ గలదు. జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమున లైట్స్ సంస్థలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో వెలువడినది. 1932 నాటి రెండవ లైకాలో దూరమాపకమును కటకముతో జతపరచిరి. రెండు కిటికీలనుండి వచ్చు రెండు బింబములు వలయము త్రిప్పగా నొకటియైనప్పుడు ఫోకసు కుదిరినట్లు.

నా కెమెరాకు ఆ మాపకము లేదు. చెట్టునకు 10 మీటర్ల గీతపై నిలిపి సరిచూచితిని. పెద్దలు 3 మీటర్లలో కూర్చుండిన పిమ్మట వలయమును మరల త్రిప్పుట మరచితిని. భేదము 0.6 మిల్లీమీటరు. సంధ్యవేళ వెలుతురు చాలక రంధ్రమును పూర్తిగా తెరచియుంటిని గనుక, ఆ స్వల్పభేదమే ముఖములను హరించినది. ఊరి లెక్కలలో పైసా తప్పనివ్వనివాడను, అర మిల్లీమీటరు లెక్క తప్పితిని.

నేటి యంత్రములు ఫోకసును తామే సరిచేసుకొనును. సంతోషమే. కాని యెవరి ముఖము మనకు ముఖ్యమో నిశ్చయించుట మన పని. ఈ సభ ముగిసిన వెంటనే మన వృద్ధులందరిని కూర్చుండబెట్టి మరల చిత్రము తీయుదము. దూరము టేపుతో కొలిచి, అడుగున పేర్లు వ్రాసి, ఆ పాత చిత్రము ప్రక్కనే వ్రేలాడదీయుదము. పాతదానిని తీసివేయవలదు. అది నాకు పాఠము.