కాల్‌బుక్‌లో పడిన సంతోషాలు

(జనవరి మొదటి వారంలో పుంగనూరులో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త సంవత్సరంలో సంతోషంగా ఉండాలంటే ఎటువంటి లక్ష్యాలు పెట్టుకోవాలో చెప్పమని నన్ను కోరారు. నేను మనస్తత్వ శాస్త్రవేత్తను కాను, ఆలింనూ కాను. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నావంటి వానికి సంవత్సరాది ఒక్కటి కాదు, నాలుగు. ముహర్రంతో ఒకటి, జనవరిలో రిజిస్టర్లతో ఒకటి, ఏప్రిల్‌లో లెక్కలతో ఒకటి, జూన్‌లో పిల్లల ఫీజులతో ఒకటి. వీటిలో ఏది అసలైనదన్న వాదనలోకి నేను వెళ్లను. తన్ను తాను తనిఖీ చేసుకోవడానికి ఏ తేదీ అయినా మంచిదే.

మా కార్యాలయంలో ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టర్ ఉండేది. చేతికి వచ్చిన ప్రతి కాగితానికీ అందులో ఒక నంబరు వేసి, దానిపై ఏ తేదీన ఏ చర్య తీసుకున్నామో రాసేవాళ్లం. దానికి తోడు కాల్‌బుక్ అని మరొక పుస్తకం ఉండేది. కోర్టు తీర్పు కోసమో మరొక కారణంగానో నెలల తరబడి కదిలే అవకాశం లేని ఫైళ్లను అందులోకి మార్చేవాళ్లం. ఏర్పాటు మంచిదే. అయితే చేయడానికి మనసు రాని ఫైలును కూడా మెల్లగా అక్కడికి నెట్టే నేర్పు మాలో కొందరికి ఉండేది. ఒకసారి కాల్‌బుక్‌లో పడితే అది ఇక పెండింగు జాబితాలో కనిపించి మనల్ని బాధపెట్టదు.

ఆ నేర్పును నేను ఇంట్లో కూడా ప్రయోగించాను. నా భార్యకు కుప్పంలో ఒక అక్క ఉండేవారు. "ఆపా దగ్గర పది రోజులు ఉండి రావాలి" అని ప్రతి ఏడాది మొదట్లోనూ నా భార్య అనేది. పదవీ విరమణ కానివ్వమన్నాను. తర్వాత పెన్షన్ కాగితాలు తేలనివ్వమన్నాను. ఆ తర్వాత అబ్బాయి నిఖా కానివ్వమన్నాను. మా మదనపల్లె నుంచి ఈ పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పానికి ఒక పూట ప్రయాణం. చివరికి మేమిద్దరం కలిసి వెళ్లింది ఆపా జనాజాకు. తిరుగు ప్రయాణంలో ఈ ఊరి బస్టాండులో బస్సు ఆగినప్పుడు నా భార్య ఒకే ఒక మాట అడిగింది: "మనం ఇన్నేళ్లూ దేనికోసం ఆగినట్టు?"

ఆ ఏడాది నా డైరీ మొదటి పేజీలో తొమ్మిది లక్ష్యాలు ఉన్నాయి. ఉదయపు నడక, చక్కెర లేని టీ, ఆంగ్ల వ్యాకరణం, ఇలాంటివి. అందులో చెడ్డది ఒక్కటీ లేదు. తేదీ వేసినదీ ఒక్కటీ లేదు. నా భార్య కోరిక అయితే అసలు లేనే లేదు.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు 1938లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. తమ విద్యార్థులతో పాటు, బోస్టన్ నగరపు పేద పేటల్లో పెరిగిన కుర్రవాళ్ల జీవితాలను కూడా వారు ముసలితనం వరకు గమనిస్తూ వచ్చారు. మనిషి ఆరోగ్యానికీ సంతోషానికీ డబ్బుకన్నా, పేరుప్రతిష్ఠలకన్నా దగ్గరివారితో ఉన్న అనుబంధమే ఎక్కువ అండ అని వారు తేల్చారు. గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త మరొక సంగతి చూపించాడు. ఏం చేయాలో అనుకోవడం చాలదు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో కూడా ముందే నిర్ణయించుకున్నవారు ఆ పనిని ఎక్కువగా పూర్తిచేస్తారట. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మా రిమైండర్ డైరీ చేసే పని ఇదే కదా!

లక్ష్యం ఎంత చిన్నదైతే అంత మేలు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల కోసం శానిటోరియం వెలసింది. ఆ రోగానికి మందు లేని రోజులవి. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారం, వీటితోనే నెలల తరబడి వైద్యం. మంచం మీద ఉన్నవాడు ఏడాది గురించి ఏమి ఆలోచిస్తాడు? ఈ వారం జ్వరం తగ్గి, కాస్త బరువు పెరిగితే అదే పండుగ.

అయితే సంకల్పం ఉంటే చాలు, అన్నీ జరుగుతాయని మన పిల్లలకు చెప్పడం అన్యాయం. మన సమాజం చదువులో వెనుకబడి ఉందని సచార్ కమిటీ 2006లోనే లెక్కలతో సహా చెప్పింది. అది మనవారికి సంకల్పం లేక వచ్చిన స్థితి కాదు. ఈ ఊరి అమ్మాయి ఒకరు నర్సింగ్ చదవాలనుకుంది. నోటుపుస్తకం మీద "నర్సు కావాలి" అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. 2007 నుంచి బి.సి. 'ఇ' వర్గానికి ఉన్న 4 శాతం రిజర్వేషన్ ఆమెకు వర్తిస్తుంది. కాని ధ్రువపత్రం దగ్గర పని ఆగిపోయింది. తండ్రి పేరు తెలుగులో ఒక్కటే. ఇంగ్లీషులో మాత్రం ఒక కార్డులో 'షేక్' పూర్తిగా ఉంది, ఒకదానిలో 'ఎస్.కె.' అయింది, మూడోదానిలో పేరు చివరికి చేరింది. ఆయన టమాటా మార్కెట్లో హమాలీ. కార్యాలయానికి తిరిగిన ప్రతి రోజూ కూలి పోయినట్టే. ఆ కార్యాలయం పేరు చెప్పను. నేను పనిచేసినవీ అటువంటివే. నా బల్ల ముందు కూడా ఎందరో అలా నిలబడి ఉంటారు.

"నర్సు కావాలి" అన్న మాట కింద ఆ అమ్మాయి చేత ఇంకొక వాక్యం రాయించాను: "సోమవారం ఉదయం అబ్బా ఆధార్, రేషన్ కార్డు, నా మార్కుల జాబితా ఒకే కవరులో పెట్టాలి." ఆ తర్వాత ఒక్కొక్క వారానికి ఒక్కొక్క వాక్యం. పత్రం చేతికి వచ్చేసరికి మొదటి విడత ప్రవేశాలు అయిపోయాయి. రెండో విడతలో సీటు దొరికింది, కాని దూరపు ఊళ్లో. తండ్రి సీటు గురించి పెద్దగా మాట్లాడలేదు. కార్డులన్నీ వరుసగా పరచి, "మా నాన్న పెట్టిన పేరు ఇన్నాళ్లకు అన్నింటిలో ఒకటే అయింది సాబ్" అన్నాడు. ఆయన ముఖంలో ఆ రోజు చూసిన సంతోషం నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

అందువల్ల తల్లిదండ్రులకు నా మనవి. పదవ తరగతి నామినల్ రోల్స్ బడి నుంచి వెళ్లకముందే పేరు, పుట్టిన తేదీ మీ కళ్లతో చూసుకోండి. ఆ తర్వాత దిద్దించడం చాలా కష్టం. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. అఖీఖా నాడు పేరు పెట్టేటప్పుడే దాని ఇంగ్లీషు అక్షరాలు కూడా నిర్ణయించి కాగితం మీద రాసిపెట్టండి.

మీకు ఇచ్చిన కాగితంలో రెండే వరుసలు ఉన్నాయి. ఈ ఏడాది ఎవరిని చూసి రావాలి? ఏ కాగితాన్ని సరిచేయించాలి? ఎదురుగా తేదీకి చోటు ఉంది. రాసే ముందు ఇంట్లో ఆడవాళ్లను అడగండి. నా కాగితంలో మొదటి వరుస నా భార్యే నింపింది. ఈ జనవరి మూడో శనివారం కుప్పం వెళ్లి, ఆపా పిల్లల దగ్గర పది రోజులు ఉంటాము. నాలుగు రోజులు చాలవా అని అడగబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అసర్ నమాజు తర్వాత నేను ఇక్కడే కూర్చుంటాను. ఆధార్, రేషన్ కార్డులు, పిల్లల మార్కుల జాబితాలు తీసుకురండి. జిరాక్సులు కాదు, అసలువే తెండి. పేర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఖుదా హాఫిజ్.