రంగు గోడకే చేరాలి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతవరకు మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు పది నిమిషాలు ఇచ్చి, "మీరు ఇంట్లో తయారు చేసుకున్న రంగు ట్రే సంగతి చెప్పండి" అన్నారు. గుమాస్తాగిరీ చేసి రిటైరైన వాడికి రంగు ట్రేతో ఏం పని అని కొందరు మిత్రులు నవ్వుతున్నారు. పని ఉంది. స్టాకు రిజిస్టరు రాసిన చేతికి, తెచ్చిన సరుకు ఎంత, వాడినది ఎంత, మిగిలింది ఎంత అన్నది చూడకపోతే నిద్ర పట్టదు.

మన చిన్నతనంలో పండక్కి ఇంటికి సున్నం కొట్టేవాళ్ళు. నాలుగు చుక్కలు కింద పడితే నీళ్ళు పోసి కడిగేసేవాళ్ళు. సున్నం చవక, కనుక ఎవరూ లెక్క చూడలేదు. ఇప్పుడు ఎమల్షన్ రంగు లీటర్ల లెక్కన కొంటున్నాం. కుంచె పోయి రోలర్ వచ్చింది. ఈ రోలర్‌ను 1940లో కెనడాలోని టొరంటోలో నార్మన్ బ్రేకీ అనే ఆయన తయారు చేశాడని చెబుతారు. కుంచెకు రంగు డబ్బా ఒక్కటి చాలు. రోలర్ డబ్బాలో పట్టదు. అందుకని దానికి ట్రే కావలసి వచ్చింది. రంగు వృథా అయ్యేది చాలావరకు ఈ ట్రే దగ్గరే.

రెండేళ్ళ క్రితం సంక్రాంతి ముందు మా ఇంట్లో రంగులు వేయించాం. పెయింటర్లు మంచి పనివాళ్ళే. అయితే అడుగు చదునుగా ఉన్న పాత బేసిన్‌లో రంగు పోసుకుని రోలర్ ముంచేవారు. అదనపు రంగు వడిసే చోటు లేక గోడ దాకా చుక్కలు పడేవి. నున్నటి గచ్చు మీద పడిన ఆ తడి రంగు మీద మా ఆవిడ కాలు జారింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. మన వయసులో జారిపడటం అంటే ఏమిటో ఈ సభలో నేను వివరించనక్కరలేదు. ట్రే విషయం నేను పట్టించుకున్నది అప్పటినుంచే.

మంచి ట్రేకు ఉండవలసిన లక్షణాలు నాలుగు.

ఒకటి, వాలు. ఒక చివర ఎత్తుగా, ఇంకో చివర ఇరుకైన గుంటగా ఉండాలి. లెక్క చెబుతాను. 30 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదును ట్రేలో సాయంత్రానికి రెండు మిల్లీమీటర్ల మందాన రంగు మిగిలితే 150 మిల్లీలీటర్లు. రోజూ కడిగి పారబోస్తే నాలుగు రోజుల పనిలో 600 మిల్లీలీటర్లు కాలవ పాలు. అదే రంగు 8 సెంటీమీటర్ల గుంటలోకి జారి, అంతే మందాన మిగిలితే 40 మిల్లీలీటర్లే.

రెండు, వాలు మీద గీతలు. రోలర్‌ను వాటి మీద దొర్లిస్తే అదనపు రంగు వెనక్కి జారుతుంది, చుక్కలు పడవు. మూడు, మిగిలిన రంగును తిరిగి డబ్బాలో పోసుకునేందుకు మూతి. నాలుగు, పట్టుకునేందుకు పిడి.

ఈ నాలుగూ మన వంటింట్లోని ఐదు లీటర్ల నూనె డబ్బాలోనే ఉన్నాయి. మూత ఒక పక్కకు ఉండే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. సబ్బుతో రెండు మూడుసార్లు శుభ్రంగా కడగాలి. నూనె జిడ్డు ఉంటే రంగు సరిగా పట్టదు. మూత నేల వైపు వచ్చేలా పడుకోబెట్టి, పిడి ఉన్న భాగం వదిలి, పైకి వచ్చిన ముఖాన్ని కోసేయాలి. ఈ కోత పని పిల్లల చేత చేయించవద్దు. అంచులు శాండ్ పేపరుతో రుద్ది టేపు అంటించాలి. డబ్బా అడుగు భాగం కింద చెక్క ముక్క పెడితే వాలు వస్తుంది, రంగు మూత వైపు చేరుతుంది. డబ్బాకు గీతలు లేకపోతే వాలు మీద ప్లాస్టిక్ జాలీ ముక్క పరిస్తే సరి. పని అయ్యాక మూత తీసి డబ్బా వంచితే మిగిలిన రంగు అసలు డబ్బాలోకి వెళ్ళిపోతుంది. ఇందులో నాలుగంగుళాల రోలర్ పడుతుంది. మన చేతులకు ఆ బరువే మంచిది.

వాడకంలో కొన్ని జాగ్రత్తలు. పావు లీటరు చొప్పున పోసుకోండి, ఎక్కువ వద్దు. భోజనానికి లేచేటప్పుడు తడిగుడ్డ కప్పండి. ఎమల్షన్‌లో నీరు ఆవిరైతే పైన పొర కడుతుంది. ట్రే కింద వెడల్పాటి పాత పళ్ళెం ఉంచండి. నిచ్చెన మొదట్లో మాత్రం ట్రే పెట్టకండి, దిగే కాలు అందులో పడుతుంది. చివరకు ట్రేకు అంటుకున్న కాస్త రంగును కడగకుండా ఆరనివ్వండి. ఇలాంటి నున్నటి ప్లాస్టిక్ మీద ఎండిన ఎమల్షన్ పొరలా ఊడి వస్తుంది. రంగు నీళ్ళు కాలవలోకి వదలవలసిన అవసరం ఉండదు. ఇదంతా నీళ్ళ రంగుల సంగతి. తలుపులకు వేసే ఎనామిల్‌కు ఈ పద్ధతి వద్దు. అందులో కలిపే టిన్నర్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

పోయిన దసరాకు ముందు గది మా మనవడూ నేనూ ఈ ట్రేతోనే వేసుకున్నాం. పై భాగమంతా వాడు వేశాడు, నిలబడి అందినంత మేర నేను వేశాను. మా ఆవిడ వచ్చి ముందు గోడ చూడలేదు, నేల చూసింది. చూసి, చెప్పులు విడిచి లోపలికి నడిచింది. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కరలేదు.

మిత్రులారా, మన పెన్షన్ పెరిగేది ప్రభుత్వం చేతిలో ఉంది. ఇంట్లో వృథా తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. ఇంట్లో రంగులు వేయించేటప్పుడు ముందుగా పెయింటరును "ఏమయ్యా, రంగు దేంట్లో పోసుకుంటావు?" అని అడగండి. ఇలాంటి ట్రే ఒకటి చేసి అతని చేతికే ఇవ్వండి. పనివాడికీ శ్రమ తగ్గుతుంది, ఇంటివాళ్ళ కాళ్ళూ చేతులూ క్షేమంగా ఉంటాయి.

నేను చేసిన ట్రే బయట టీ బల్ల పక్కన పెట్టాను. ఆసక్తి ఉన్నవారు చూడవచ్చు.