పాఠశాలాభివృద్ధికి కలసి ఆలోచించుట
(ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, సంఘ పెద్దల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పగలు బడిగాను, ఆదివారము గుడిగాను ఒకే పాక ఉపయోగపడిన ఊళ్ళు మన ప్రాంతములో ఎన్నో కలవు. బడి మన సంఘముతో పాటే పెరిగినది. అయినను నేడు బడి బాగుపడుట ఎట్లు అని అడిగినచో హెడ్మాస్టరు మేనేజిమెంటును, మేనేజిమెంటు తల్లిదండ్రులను వేలెత్తి చూపుచున్నారు. మేము చెప్పదలచినది ఒక్కటే. బడి లోపమును ప్రతిదినము అనుభవించువారు లేకుండ వ్రాసిన ప్రణాళిక కాగితముగానే మిగులును.

మా తప్పుతోనే మొదలుపెట్టెదము. కొన్ని సంవత్సరముల క్రితము పాస్టరేటు కమిటీవారము మా బడికి ఒక ప్రణాళిక వ్రాసితిమి. వెల్ల వేయించుట, ప్రహరీ గోడ, ఆర్చి గేటు అన్నియు అందులో చేర్చితిమి. చదివి వినిపించుటకు మాత్రమే తల్లిదండ్రులను పిలిచితిమి. వెనుక వరుసలోనుండి ఒక తల్లి లేచి, "అయ్యగారూ, గేటు మంచిదే. మేము ఏడింటికే మిరప కోతకు పోతాము. చంటిదాన్ని ఎవరు చూస్తారు? అందుకే పెద్దపిల్లను బడి మానిపించాను" అనినది.

మాలో ఎవరికిని మాట రాలేదు. హాజరు పట్టీ తెప్పించి నెలవారీగా చూచితిమి. కోతల నెలలలో ఆడపిల్లల పేర్ల యెదుట గైరుహాజరు గుర్తులు వరుసగా కనబడినవి. ఆ పుస్తకము అంతకాలము మా బీరువాలోనే యున్నది!

గేటు పని ఆపితిమి. కోతల కాలమంతయు ఉదయము ఏడు గంటలకే గుడి వరండా తెరచితిమి. స్త్రీల సమాజమువారు వంతులవారీగా చంటిపిల్లలను చూచిరి. మానిన బాలికలు కొందరు తిరిగి వచ్చిరి. మాకు కన్నులు తెరిపించిన ఆ తల్లి కుమార్తె మాత్రము రాలేదు. తనకంటె చిన్నవారితో ఒకే తరగతిలో కూర్చుండుటకు సిగ్గుపడినది. మేము ఒక సంవత్సరము ముందు అడిగియుండవలసినది.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయవలెను. అల్పసంఖ్యాక వర్గముల పాఠశాలలకు ఈ చట్టము వర్తింపదని 2014లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అంతమాత్రమున తల్లులను అడుగనక్కరలేదని మనము అనుకొనవచ్చునా?

కనుక ప్రతి పాఠశాలవారికి మా మనవి ఇది. మొదట హాజరు పట్టీని అందరి యెదుట తెరవుడి. కూలికి పోవువారు రాగల వేళనే, అనగా రాత్రి భోజనములైన తరువాత, సమావేశము పెట్టుడి. తల్లులను ముందుగా మాట్లాడనిండి, పెద్దలము చివర మాట్లాడుదము. ఒక సంవత్సరమునకు రెండు మూడు పనులే ఎన్నుకొనుడి. ప్రతి పనికి యెదురుగా ఎవరు చేయుదురు, ఎప్పటికి చేయుదురు, ఎంత ఖర్చగును అని వ్రాయుడి. మూడు నెలలకొకసారి దానిని సంఘములో చదివి, జరగనిది జరగలేదని ఒప్పుకొనుడి.

నెహెమ్యా కాలములో యెరూషలేము గోడను పలువురు తమ తమ యిండ్లకు యెదురుగా బాగుచేసిరి. షల్లూము కుమార్తెలును ఆ పనిలో పాలుపొందిరి. 52 దినములలో గోడ ముగిసెను. మన బడి గోడలో ఎవరి యింటి యెదుట సందు పడినదో ఆ యింటివారికే బాగుగా తెలియును. వారిని అడుగుదము.