చర్మకణాల మీది ముద్రలు
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

బి.పి., షుగరు గురించి ఇక్కడ చాలామంది మాట్లాడినారు. నేను నా మోచేతుల గురించి మాట్లాడుతాను.

ఎల్లారెడ్డిలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నాకు సోరియాసిస్ వచ్చింది. ఎర్రటి మచ్చలు, వాటిపై వెండి రంగు పొలుసులు. ఎండకాలంలో కూడా నిండు చేతుల చొక్కాయే. నా మంచినీళ్ళ గ్లాసు వేరు చేసినారు. నేను ముట్టిన ఫైలు కాగితాలను ఒకాయన పెన్సిలుతో తిప్పేవాడు. అంటువ్యాధి కాదని చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. నాకే అనుమానం. పసిపిల్లగా ఉన్న మా అమ్మాయిని రెండేళ్ళు ఒళ్ళోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి కూతురే కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ నాకు విడమరచి చెప్పింది. మన ఆఫీసు భాషలో మనవి చేస్తాను.

ప్రతి కణం మీద ప్రోటీన్ల గుర్తులుంటాయి. ఫైలు మీది ముద్రలనుకోండి. చర్మంలో అడుగు వరుస కణాలకు ఇంటిగ్రిన్ అనే ముద్ర ఉండి, వాటిని కింది పొరకు అంటిపెట్టి ఉంచుతుంది. కణం పైకి కదిలితే ఆ ముద్ర పోతుంది. సుమారు నెల రోజులకు పైకి చేరి, కంటికి కనబడకుండా రాలిపోతుంది. సోరియాసిస్‌లో ఈ ప్రయాణం వారం లోపలే అయిపోతుంది. అడుగున ఉండవలసిన ఇంటిగ్రిన్ పై వరుసల్లోనూ కనిపిస్తుంది. సెక్షనులో పరిశీలన కాని ఫైలు దొరగారి టేబులెక్కినట్టు!

ఆరోగ్యమైన చర్మకణాల మీద దాదాపు కనిపించని ఐక్యామ్-1 అనే ప్రోటీను ఈ మచ్చల్లో లేస్తుంది. టి-కణాలనే మన సొంత రక్షణ దళం దాన్ని పట్టుకొని అక్కడే తిష్ఠవేస్తుంది. అవి వదిలే రసాయనాలకు చర్మకణాలు మరింత తొందరపడతాయి, మళ్ళీ అవే ముద్రలు లేస్తాయి. ఇందులో ఒకరి నుండి ఒకరికి అంటే క్రిమి ఏదీ లేదు.

2013లో బెంగుళూరు బయోకాన్ కంపెనీ తెచ్చిన ఇటోలిజుమాబ్ అనే మందు ఈ ముద్రల లెక్క మీదనే పనిచేస్తుంది. టి-కణం మీద సీడీ6 అనే ప్రోటీను, దాని జోడు చర్మకణం మీద ఉంటాయి. మందు సీడీ6ను పట్టుకొని ఆ పొత్తును సాగనీయదు. నేను అది వాడలేదు. నాకు పూతమందు సరిపోతున్నది.

ఒక్క మాట. ఈ జబ్బున్నవారికి వేళ్ళ కీళ్ళు వాస్తే ముసలితనమని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించాలి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టవద్దు, వాడుతుంటే హఠాత్తుగా ఆపవద్దు. నేను ఆపి, నెల రోజులు మంచం పట్టినాను.

ఇవాళ పొట్టి చేతుల చొక్కాయతో వచ్చినాను. భోజనాల బంతిలో నా పక్కన చోటున్నది. సెలవు.