తోలుబొమ్మలాటకు తోడ్పాటు



వేసవి రాత్రులయందు తెల్లని తెర కట్టి, వెనుక దీపము పెట్టి, తెల్లవారువరకు రామాయణ భారత కథల నాడించు తోలుబొమ్మలాటను మీలో పెక్కుమంది బాల్యమున చూచియుందురు. కథలోని ఘట్టములను మరచినవారును బంగారక్కను, జుట్టుపోలిగానిని మరచియుండరు. ఆ యాట నేడు మన యూళ్లకేల అరుదైనది? ఆదరణ బొత్తిగా లేకపోలేదు. ఉన్న యాదరణ చెల్లాచెదరుగా నున్నది. ఈ సంగతినే నేడు మనవి చేయదలచితిని.

శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరము ప్రాంతమున, నిమ్మలకుంట యను గ్రామము కలదు. అచ్చటి కుటుంబములవారు మేకతోలును పలుచగా శుభ్రపరచి, దానిపై బొమ్మ గీసి, సన్నని రంధ్రములు తొలిచి, రంగులు దిద్దుదురు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

అయినను బొమ్మను చేయుట వేరు, ఆడించుట వేరు. చేతిపనిగా చూచినచో నిది కేంద్ర జౌళి మంత్రిత్వశాఖలోని హస్తకళల విభాగమునకు చెందును. ఆటగా చూచినచో సంస్కృతి మంత్రిత్వశాఖకు, సంగీత నాటక అకాడమీకి చెందును. కుటుంబ మొక్కటే; ఎక్కవలసిన గడపలు రెండు. విద్యుద్దీపముల చుట్టు నమర్చు తొడుగులకు, గోడపటములకు అంగళ్లు కలవు గనుక ఆ చేతిపని కూడు పెట్టుచున్నది. అందు తప్పులేదు. కాని యాటకు పిలుపు తగ్గినకొలది పాటయు, మద్దెలయు నేర్చు పిల్లలును తగ్గుదురు. ఆడించు ముసలివాడు కన్నుమూసిన పిదప బొమ్మలు మిగులును. వాని పలుకు మిగులదు.

కళలను ప్రాంతములవారీగా పోషించు తలంపుతో కేంద్ర ప్రభుత్వము 1985 మొదలుకొని ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రములను నెలకొల్పినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు వానిలో రెండింట చేరియున్నవి: తంజావూరు కేంద్రము, నాగపురము కేంద్రము. ఇవి ఒక రాష్ట్రపు కళాకారులను మరియొక రాష్ట్రపు ఉత్సవములకు పంపును. గురుశిష్య పరంపర యను పథకము క్రింద గురువునకు, వాద్యకారునకు, శిష్యులకు నెలనెలకు కొంత ద్రవ్య మొసగును. వృద్ధ కళాకారుల సహాయమునకై సంస్కృతి మంత్రిత్వశాఖ పథకము వేరొకటి కలదు.

అయితే తంజావూరిలోని యధికారికి మీ యూరి బొమ్మలాటవా డెట్లు తెలియును? ఆ బొమ్మలాటవానికి తంజావూ రెట్లు తెలియును? ఈ రెంటిని ముడివేయువారు గ్రామపెద్దలే.

అందులకు మూడు పనులు చాలును. మొదటిది, పంచాయతీయందొక పుస్తకము తెరచి కళాకారుని పేరు, వయస్సు, వచ్చిన ఆటలు, వాద్యములు, శిష్యుల సంఖ్య వ్రాసియుంచుట. అదే వివరమును హస్తకళల విభాగమునకును, సంస్కృతి శాఖకును పంపుట రెండవది. మూడవది, పది యూళ్లవారు జాతర దినములను ముందుగా చెప్పుకొని బృందమును వరుసగా పిలుచుట. ఒక్క రాత్రి యాటకు దూరమునుండి రప్పించినచో బండి బాడుగయే సంభావనను మ్రింగును. పది యూళ్లు పంచుకొన్నచో నెవ్వరికిని భారము కాదు. పిలుపు నిలుకడగా నున్నచోటనే శిష్యుడు నిలుచును.

ఈ యేటి వేసవికి ముందే పొరుగూరి పెద్దలతో నొకసారి కూర్చుండుడని కోరుచున్నాను.