నల్లటి నీళ్లను నమ్మకండి



రసాయనశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీ ముందు ఒక మొండి పదార్థం గురించి మాట్లాడతాను.

1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోట్యూబుల గురించి ప్రకటించాక ప్రపంచం చాలా ఆశలు పెట్టుకుంది. ఉక్కును మించిన బలం, మంచి విద్యుద్వాహకత. తీరా నీళ్లలో వేస్తే కలవవు. వాన్ డర్ వాల్స్ ఆకర్షణతో ఒకదానికొకటి అతుక్కుని కట్టలు కడతాయి. ఘాటైన ఆమ్లాల్లో కాచి కలపవచ్చు గానీ గోడలు దెబ్బతిని, ఏ గుణం కోసం తెచ్చుకున్నామో ఆ గుణమే పోతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు!

2003లో డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ బృందం ఇంకో దారి పట్టింది. 29 అమైనో ఆమ్లాలతో ఒక పెప్టైడును ముందుగా ఆలోచించి రూపొందించింది. దాని పేరు నానో-1. అది హెలిక్స్‌గా చుట్టుకుంటే నీరంటే గిట్టని వేలైన్, ఫినైల్అలనైన్‌లన్నీ ఒక పక్కకు చేరి ట్యూబు గోడను పట్టుకుంటాయి. విద్యుదావేశం ఉన్న గ్లుటామిక్ ఆమ్లం, లైసిన్ నీటివైపు తిరుగుతాయి. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, ట్యూబులు తోడుంటే ఆ పెప్టైడు మరింత చక్కగా మడతపడటం. గోడతో రసాయన బంధమేదీ ఏర్పడదు కాబట్టి గోడ చెక్కుచెదరదు. అల్ట్రాసౌండ్ కట్టలను విడదీస్తుంది, పెప్టైడు వాటిని మళ్లీ కలవనివ్వదు, విడిపోని వాటిని సెంట్రిఫ్యూజ్ అడుక్కి దింపుతుంది. అదే ఏడాది డ్యూపాంట్ పరిశోధకులు బోలెడన్ని పెప్టైడుల్లోంచి ట్యూబులకు అంటుకునేవాటిని ఏరారు. అదీ మంచి పద్ధతే. కానీ ఎందుకు అంటుకుందన్న ప్రశ్న ఏరాక మొదలవుతుంది. రూపొందించేవాడు జవాబు ముందే రాసుకుని కూర్చోవాలి.

రాసుకున్న జవాబు తప్పు కావచ్చు. సీసాలో నీళ్లు నల్లబడగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. సన్నని కట్టలు తేలుతున్నా నీళ్లు నల్లగానే ఉంటాయి మరి! డల్లాస్ వాళ్లు అక్కడ ఆగలేదు. ఆరోమాటిక్ వలయాల సంఖ్యను మారుస్తూ పెప్టైడులు చేసి, 2005లో ఫలితం ప్రచురించారు: వలయాలు పెరిగేకొద్దీ ట్యూబులు మరింత బాగా విడివడ్డాయి. నా దృష్టిలో అసలు విజయం 2003ది కాదు, ఇది.

రేపు మీ చేతుల్లో ఒక ప్రయోగం ఫలించినప్పుడు, ఫలించకూడని నమూనాను కూడా పక్కనే చేసి చూడండి. గైడు తొందరపెట్టినా సరే, కంపెనీ గడువు ముంచుకొచ్చినా సరే, ఆ ఒక్క సీసా మానకండి.