డ్రాఫ్టు యంత్రానిది, సంతకం మనది
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17, నకారా తీర్పు వచ్చిన రోజు. 1982లో ఇదే తేదీన అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, పెన్షన్ దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైన వారికి ఒక లెక్క, తరువాతి వారికి మరొక లెక్క చెల్లదన్నది. ఇది మనందరికీ తెలిసిన సంగతే. అయితే ఆ కేసులో మూడవ పిటిషనరు కామన్ కాజ్ అనే రిజిస్టర్డు సంస్థ అని చాలామంది గమనించి ఉండరు. కోర్టు ఖర్చును, కాలయాపనను ఒక్కొక్కరుగా తట్టుకోలేని వృద్ధుల తరఫున మాట్లాడే అర్హత అటువంటి సంస్థకు ఉన్నదని కోర్టు అంగీకరించింది. మనవంటి సంఘాలకు అది ఎంతో ధైర్యం ఇచ్చిన మాట.

ఎక్కడో ఎవరో వేసిన కేసు అప్పీలుకు వెళుతుంది. అందులో మనం కక్షిదారులం కాము. కాని తీర్పు మన పెన్షన్ మీద పడుతుంది. అమెరికాలో ఇటువంటప్పుడు సంఘాలు ‘కోర్టుకు మిత్రుడు’ హోదాలో వ్రాతపూర్వకమైన వాదన దాఖలు చేస్తాయి. అందుకు కక్షిదారుల సమ్మతి కూడా అక్కరలేదని అక్కడి సుప్రీంకోర్టు 2023 జనవరి 1 నుంచి నియమం మార్చింది. మన దేశంలో అమికస్ క్యూరీ అంటే సాధారణంగా కోర్టే నియమించే న్యాయవాది. సంఘం తన మాట చెప్పుకోవాలంటే కోర్టు అనుమతి తీసుకొని ఇంటర్వీనరుగా చేరాలి. పేరు ఏదైనా చేయవలసిన పని ఒకటే. ఉభయ పక్షాల వారూ చెప్పని ముఖ్యమైన సంగతిని కోర్టు ముందు పెట్టడం.

ఇందుకు ఖర్చవుతుంది. అందుకే ఇంట్లో మనవలు, “తాతయ్యా, అంత ఖర్చెందుకు? ఎ.ఐ.తో రాయించేద్దాం” అంటున్నారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. అలాగని తలూపి ఊరుకోదగినదీ కాదు.

మనలో చాలామంది ఫైళ్ళు నడిపినవాళ్ళమే. సెక్షనులో గుమాస్తా డ్రాఫ్టు పెడతాడు, సూపరింటెండెంటు దిద్దుతాడు, ఆఫీసరు సంతకం చేస్తాడు. ఈ ఎ.ఐ. కొత్తగా చేరిన గుమాస్తా అనుకోండి. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఇంగ్లీషులో, తెలుగులో ఎంత కావాలంటే అంత, అలుపు లేకుండా రాస్తుంది. దాని లోపం ఒక్కటే. ఫైలు తీసి చూడకుండానే నోటు పెట్టగలదు! కోట్లాది పేజీలు చదివి, ఏ మాట తరువాత ఏ మాట రావడం సహజమో పట్టుకొని వాక్యం అల్లుతుంది. కనుక తీర్పు పేరు, సంవత్సరం, సంపుటం, పేజీ అన్నీ అచ్చం అసలైన వాటిలాగే ఉంటాయి. కాని అటువంటి తీర్పు ఉండకపోవచ్చు. తీర్పుల భాండాగారానికి అనుసంధానించిన సాఫ్ట్‌వేర్లు కొంత మేలు. అయినా తనిఖీ తప్పదు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2023లో న్యూయార్కులోని ఫెడరల్ కోర్టులో, ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో ఇటువంటి లేని తీర్పులను ఉదహరించినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. మన దగ్గర 2024 డిసెంబరులో బెంగళూరులోని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులోనే లేని తీర్పులు చోటుచేసుకున్నాయి. ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కేరళ హైకోర్టు 2025 జూలైలో, జిల్లా కోర్టులలో తీర్పులకు, నిర్ణయాలకు ఎ.ఐ.ని వాడరాదని విధానం ప్రకటించింది.

లేని తీర్పు కనీసం వెతికితే దొరకదు కనుక పట్టుబడుతుంది. ఉన్న తీర్పుకు లేని అర్థం చెప్పడం అంతకంటె ప్రమాదం. నకారానే తీసుకోండి. ‘ఏ కటాఫ్ తేదీ అయినా చెల్లదని నకారా చెప్పింది’ అని యంత్రం ధాటిగా రాయవచ్చు. మనకూ వినసొంపుగానే ఉంటుంది. కాని 1990లో కృష్ణకుమార్ కేసులో మరొక రాజ్యాంగ ధర్మాసనం, రైల్వేలో ప్రావిడెంట్ ఫండుతో రిటైరైనవారు, పెన్షన్‌తో రిటైరైనవారు ఒకే తరగతి కారని చెప్పి, నకారాకు హద్దు గీసింది. మన కాగితంలో ఈ మాట దాస్తే ప్రభుత్వ న్యాయవాది లేచి చదువుతాడు. అప్పుడు మన మిగతా మాటలకు విలువేముంటుంది? మిత్రుడని చెప్పుకొని వెళ్ళినవాడు ప్రతికూలమైనది కూడా తానే చెప్పి, మన సంగతి దానికంటె ఎందుకు భిన్నమో వివరించాలి.

కనుక నా మనవి ఇది. ఎ.ఐ.ని వాడుకుందాం, కాని కొన్ని కట్టుబాట్లతో.

మొదటిది, మనం చెప్పదలచిన ఒక్క అంశాన్ని మనమే తేల్చుకొని తెలుగులో ఒక పేజీలో రాసుకోవాలి. ఉత్తర్వు అమలులో కుటుంబ పెన్షనర్లు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో, బకాయి అందకుండానే ఎందరు కన్నుమూశారో మన రిజిస్టర్లలో ఉంటుంది, యంత్రం దగ్గర ఉండదు. కోర్టుకు కావలసింది అదే.

రెండవది, ఆ పేజీ ఇచ్చి డ్రాఫ్టు అడగాలి. తరువాత, ‘ప్రభుత్వ న్యాయవాదివై దీన్ని ఖండించు’ అని కూడా అడగాలి. ఈ రెండవ ప్రశ్న వల్లనే ఎక్కువ లాభం. మన వాదనలో పగుళ్ళు ముందే కనిపిస్తాయి.

మూడవది, ఉదహరించిన ప్రతి తీర్పునూ తెరిచి చదవాలి. సుప్రీంకోర్టు 2023 జనవరిలో తన తీర్పుల సంపుటాలను ఈ-ఎస్.సి.ఆర్. పేరుతో అందరికీ ఉచితంగా తెరిచింది. నకారా అంటే ఎ.ఐ.ఆర్. 1983 సుప్రీంకోర్టు 130వ పేజీ. ఇలా ఒక్కొక్కటీ చూసి, పేరా నంబరు వేసి, చూసినవారు ఇద్దరు రిజిస్టరులో సంతకం పెట్టాలి. దొరకని తీర్పును నిర్దాక్షిణ్యంగా కొట్టివేయాలి.

నాలుగవది, పి.పి.ఓ. నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు, వైద్యం కాగితాలు దానికి ఎక్కించరాదు. సభ్యులు వాటిని మనల్ని నమ్మి ఇచ్చారు.

అయిదవది, చివరి ప్రతిని న్యాయవాది చూసి దిద్దాలి. ఖర్చు తగ్గాలి గాని ఆయన కన్ను తప్పరాదు.

ఇంత జాగ్రత్త దేనికంటారా? తప్పు డ్రాఫ్టు వెళితే ఆఫీసులో మెమో వచ్చేది, సంజాయిషీ ఇచ్చుకునేవాళ్ళం. ఇక్కడ అలా కాదు. ఒక అబద్ధపు ఉదాహరణ వల్ల వాయిదా పడితే, ఎనభై అయిదేళ్ళ సభ్యుడికి ఆ వాయిదా తరువాత ఇంకొక వాయిదా ఉంటుందన్న భరోసా లేదు. సంఘం మాట మీద నమ్మకం పోతే, తరువాతి కేసులో నిజం చెప్పినా వినేవారుండరు.

యంత్రం ఎంత బాగా రాసినా కాగితం అడుగున సంతకం పెట్టదు, జవాబు చెప్పుకోదు. ఆ పని మనది. సర్వీసులో ఉన్నన్నాళ్ళు చూడకుండా సంతకం పెట్టరాదని నేర్చుకున్నాం. రిటైరైనా ఆ అలవాటు మానవద్దని కోరుతున్నాను.